పైప్ క్లీనర్లలో ఏది ఏ పనికి, ఏది ఎవరి చేతికి

పైప్ క్లీనర్లంటే లోపల సన్నటి తీగ, చుట్టూ మెత్తటి నూగు ఉండి, వంచి బొమ్మలు చేసుకునే రంగురంగుల పుల్లలు. వాటి ప్యాకెట్ చూడగానే కళ్లు రంగుల మీదకే పోతాయి. ఎన్ని షేడ్లు ఉన్నాయి, మెరుపువి కూడా ఉన్నాయా, మొత్తం ఎన్ని వస్తాయి అని చూసుకుని కొనేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే కొన్నాను. ఇప్పుడు ప్యాకెట్‌ని నిలబెట్టి ముందు పుల్లల కొసలు చూస్తాను. తీగ కొస నూగులోంచి ఎంత బయటికి పొడుచుకొచ్చింది, నూగు కొసదాకా ఒత్తుగా ఉందా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఈ అలవాటు ఒక సాలీడు వల్ల వచ్చింది. మా చెల్లెలి కొడుకుకి అప్పుడు నాలుగేళ్లు. "పెద్దమ్మా, సాలీడు చేద్దాం" అంటే నల్లవి రెండు పుల్లలు తీసి, ఒక్కోదాన్ని సగానికి కోసి, నాలుగు ముక్కల్నీ నడుమ దగ్గర కలిపి మెలితిప్పి ఇచ్చాను. రెండు నిమిషాల పని. వాడు దాన్ని ముద్దుగా పిడికిట్లో పెట్టుకుని గట్టిగా నొక్కాడు. మరుక్షణం చెయ్యి తెరిచి నా వైపు చాపాడు. అరచేతి నిండా ఎర్రటి చుక్కలు, ఒకదాంట్లోంచి సన్నగా రక్తం. నేను కోసింది రెండు కోతలే. పసివాడి గుప్పిట్లో పెట్టింది మాత్రం ఎనిమిది పదునైన కొసలు.

అప్పటి నుంచి ఏ రకం కొనాలన్నా, ఏ బొమ్మ మొదలుపెట్టాలన్నా ముందు ఒక లెక్క వేసుకుంటాను. దీనికి కొసలు ఎన్ని వస్తాయి, అవి ఎటు తిరిగి ఉంటాయి, ఎవరి చేతికి వెళ్తాయి? రంగు, లావు, మెరుపు అన్నీ ఆ తర్వాతే. కింద చెప్పే పోలికలన్నిటికీ ఆ లెక్కే ఆధారం.

లోపల ఉన్నదేమిటి

పేరులో ఉన్నట్టే ఇవి మొదట పొగాకు పైపులు శుభ్రం చేసుకోవడానికి పుట్టాయి. 1900ల తొలి ఏళ్లలో అమెరికాలోని రాచెస్టర్ నగరంలో జాన్ హ్యారీ స్టెడ్‌మన్, చార్లెస్ ఏంజెల్ అనే ఇద్దరు వీటిని తయారుచేశారని చెబుతారు. తయారీ చాలా సులువు. రెండు సన్నటి ఉక్కు తీగల మధ్య పీచుని అడ్డంగా పెట్టి, ఆ తీగల్ని ఒకదానితో ఒకటి మెలితిప్పుతారు. పీచుని పట్టి ఉంచేది ఆ మెలికే. పైపు కోసం చేసేవాటిలో తేమ పీల్చుకునే నూలు ఉంటుంది. క్రాఫ్టు కోసం చేసేవాటిలో ఎక్కువగా పాలిస్టర్, నైలాన్ లాంటి సింథటిక్ పీచు ఉంటుంది. వీటినే షెనీల్ పుల్లలు అని కూడా అమ్ముతారు. ఫ్రెంచిలో షెనీల్ అంటే గొంగళిపురుగు. ఒక పుల్లని కాస్త వంకరగా వంచి బల్ల మీద పెట్టి చూడండి, అంతకంటే మంచి పేరు పెట్టలేమనిపిస్తుంది.

ఈ కట్టుబడి తెలిస్తే సగం సందేహాలు తీరిపోతాయి. కోసిన చోట మెలిక వదులవుతుంది, అందుకే నూగు మొదట రాలేది అక్కడి నుంచే. లోపలిది ఉక్కు కాబట్టి తడి తగిలితే తుప్పు పడుతుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది, దాంట్లోంచి కరెంటు కూడా పారుతుంది. ఒకే చోట అటూ ఇటూ వంచుతూ పోతే లోహం బిరుసెక్కి పుటుక్కున తెగుతుంది. అలా తెగిన కొస, కోసిన కొస కంటే ప్రమాదం. ఎందుకంటే అది నూగు లోపల దాక్కుని ఉంటుంది, చేత్తో తడిమితే గానీ తెలియదు.

లావులో ఏది తీసుకోవాలి

మామూలుగా దొరికేది 6 మిల్లీమీటర్ల లావు, 30 సెంటీమీటర్ల పొడవు. మొదటిసారి కొనేవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా దీన్నే తీసుకోవచ్చు. వేళ్లతో సులువుగా వంగుతుంది, వంచిన ఆకారం నిలబెట్టుకుంటుంది, పెన్సిలుకి చుట్టి తీస్తే చక్కటి స్ప్రింగు అవుతుంది. పెద్ద రంధ్రం ఉన్న ప్లాస్టిక్ పూసల్లోంచి కూడా దూరుతుంది. దూరేటప్పుడు నూగు అణిగి, తర్వాత మళ్లీ విచ్చుకుని పూసని ఉన్నచోటే పట్టుకుంటుంది. దారానికి పూసలు గుచ్చేటప్పుడు ఒక కొస వదిలితే చాలు, అన్నీ జారి నేల మీద పడతాయి. దీంతో ఆ బాధ లేదు. అందుకే అప్పుడప్పుడే పూసలు గుచ్చడం నేర్చుకునే పిల్లలకి దారం కంటే 6 మిల్లీమీటర్ల పుల్లే నయం.

3, 4 మిల్లీమీటర్ల సన్నవి పెద్దవాళ్ల పనికి. చిన్న బొమ్మల వేళ్లు, పువ్వు మధ్యలోని కేసరాలు, సీతాకోకచిలుక మీసాలు లాంటివి వీటితో ముచ్చటగా వస్తాయి. కానీ నూగు తక్కువ కాబట్టి తీగ త్వరగా బయటపడుతుంది. చిన్నపిల్లల పెట్టెలో వీటిని నేను పెట్టను.

12, 15 మిల్లీమీటర్ల లావువి చూడటానికి మెత్తగా ఉంటాయి, పిల్లలకి ఇవే మంచివని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. నూగు తీగ కొసని కప్పుతుంది అంతే, దాని పదునుని తగ్గించదు. సన్నదాంట్లో కొస కంటికి కనిపిస్తుంది, చెయ్యి జాగ్రత్త పడుతుంది. లావుదాంట్లో మెత్తగా ఉందనుకుని బుగ్గకి ఆనించుకుంటారు, అప్పుడు తగులుతుంది. లావువి కొంటే కొసల్ని ముందు మీరే మడిచి ఇవ్వండి. ఆ పని చేసేశాక ఇవి నిజంగానే బాగుంటాయి. చిన్న చేతులకి పట్టు దొరుకుతుంది, జంతువుల తోకలు, పొడుగాటి మెడలు నిండుగా వస్తాయి. పూసలకి మాత్రం పనికిరావు.

పొడవు దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. 30 సెంటీమీటర్ల పుల్లతో ఒక రింగు చేయాలనుకోండి. రెండు కొసలూ సెంటీమీటరు చొప్పున లోపలికి మడిస్తే 28 మిగులుతుంది. ఒకదాని మీద ఒకటి వేసి మెలితిప్పడానికి 3 పోతే చుట్టుకొలత 25, అంటే రింగు అడ్డంగా సుమారు 8 సెంటీమీటర్లు. అదే మడత లేకుండా చేస్తే ఎనిమిదిన్నర దాటుతుంది. ఆ అర సెంటీమీటరు కోసం మడత మానేయొద్దు. పెద్ద రింగు కావాలంటే రెండు పుల్లలు కలపండి.

నూగు రకాలు

ఒత్తుగా నూగు ఉన్న పుల్లలు ఇప్పుడు బాగా వాడుతున్నారు, ముఖ్యంగా పువ్వులు చేసేవాళ్లు. తులిప్ రేకుల్లాంటివి చేసేటప్పుడు పక్కపక్కన పెట్టిన పుల్లల మధ్య సందు కనిపించకూడదు, అక్కడ వీటికి సాటి లేదు. మామూలు పుల్లలతో అదే పువ్వు చేస్తే తీగ గీతలు గీతలుగా బయటికి కనిపిస్తుంది. అయితే ఒక పువ్వుకే చాలా పుల్లలు పడతాయి. ఏ రోజైనా ఒక గుత్తి చేయాలన్న కోరిక ఉంటే పెద్ద కట్ట కొనండి, లేదంటే మామూలువే చాలు.

మెరుపు పుల్లల్లో నూగు బదులు లోహపు పూత పూసిన సన్నటి ప్లాస్టిక్ చీలికలు ఉంటాయి. నక్షత్రాలు, కిరీటాలు చేస్తే వెలిగిపోతాయి. కానీ గరుకుగా ఉంటాయి, చీలికలు ఊడి బట్టలకీ కార్పెట్‌కీ అంటుకుంటాయి. మెడకీ మణికట్టుకీ తగిలే వస్తువులకి వద్దు. పాకే పిల్లలున్న ఇంట్లో, పిల్లి తిరిగే ఇంట్లో అసలు వద్దు.

ఒకచోట లావు, ఒకచోట సన్నగా ఉండే గడ్డల పుల్లలు కూడా దొరుకుతాయి. గొంగళిపురుగులు, ఆకులు, పూరేకులు వీటితో చిటికెలో అవుతాయి. సన్నగా ఉన్నచోట కోయాలనిపిస్తుంది, కానీ అక్కడ నూగు దాదాపు ఉండదు, తీగ కొస నగ్నంగా మిగులుతుంది. కోయకుండా అక్కడ వంచి వాడుకోండి.

పైపులకి వాడే అసలైన నూలు పుల్లలు తెల్లగా, పొట్టిగా ఉంటాయి. నీళ్ల రంగులు పీల్చుకుంటాయి కాబట్టి మీకు కావలసిన షేడు మీరే వేసుకోవచ్చు. సింథటిక్ నూగు మీద నీళ్ల రంగు నిలవదు. రంగు వేశాక గాలి బాగా తగిలేచోట త్వరగా ఆరబెట్టండి, తడిగా వదిలేస్తే లోపలి తీగ తుప్పు మరక బయటికి వస్తుంది. వీటిలోనే గట్టి ప్లాస్టిక్ ముళ్లు కలిపినవి ఉంటాయి, అవి మురికి గీకడానికి. క్రాఫ్టు పెట్టెలోకి రానివ్వకండి.

ఏ రకమైనా కొన్నాక రెండు పరీక్షలు చేయండి. పుల్లని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి ఒక కొస నుంచి రెండో కొసకి గట్టిగా లాగండి. వేళ్లకి నూగు గుత్తులుగా వస్తే ఆ ప్యాకెట్ చిన్నపిల్లలకి కాదు. తర్వాత తడి తెల్లగుడ్డతో ముదురు రంగు పుల్లని రుద్దండి. ఒకసారి నేను ఈ పరీక్ష చేయకుండా ఎర్ర పుల్లలతో ఒక గ్రీటింగ్ కార్డు నిండా పువ్వులు అతికించాను. జిగురు తడికి రంగు దిగి, పొద్దున చూస్తే కార్డంతా గులాబీ మరకలు. మూడు సాయంత్రాల పని పోయింది.

ప్యాకెట్ మీద "నాన్ టాక్సిక్" (విషం లేనిది) అని ఉంటే చాలనుకునేవాళ్లు చాలామంది. ఆ మాట రంగు గురించి, పదార్థం గురించి. తీగ కొస గుచ్చుకుంటుందా లేదా అన్నది అది చెప్పదు. బొమ్మలుగా అమ్మేవాటికి యూరప్‌లో ఈఎన్ 71, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్963 ప్రమాణాలు ఉన్నాయి. వాటిలో పదునైన మొనలు, చిన్న ముక్కలు, రంగుల్లోని హానికర లోహాలు అన్నీ వస్తాయి. కాబట్టి పిల్లల కోసమైతే ఆ ముద్ర, దాంతోపాటు వయసు గుర్తు ఉన్న ప్యాకెట్ ఎంచుకోవడం మేలు. కానీ మీరు ఇంట్లో కోసిన ప్రతి ముక్కా ఆ పరీక్ష దాటి వచ్చింది కాదు. కత్తెర పడ్డాక బాధ్యత మనదే.

తీగే వద్దనుకుంటే

కొన్ని సందర్భాల్లో పైప్ క్లీనర్ సరైన జవాబు కాదు. అక్కడ వేరేది ఎంచుకోవడమే తెలివి.

మైనం పూసిన నూలు పుల్లలు దొరుకుతాయి. లోపల తీగ ఉండదు, వేళ్ల వేడికి మెత్తబడి కాగితానికీ గాజుకీ అంటుకుంటాయి, పీకితే వస్తాయి. అక్షరాలు దిద్దించడానికి, బొమ్మ గీతల మీద అతికించడానికి ఇవి పైప్ క్లీనర్ల కంటే ఎంతో నయం. కానీ నిలబడే బొమ్మ వీటితో కాదు, నాలుగు కాళ్ల గుర్రం చేస్తే నిమిషంలో కూలబడుతుంది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇవి కూడా ఇవ్వకూడదు, తీగ లేనంత మాత్రాన గొంతుకి అడ్డం పడదని కాదు.

పదే పదే చేతులూ కాళ్లూ కదిపే బొమ్మ కావాలంటే లోపల అస్థిపంజరంలా 1.5 లేదా 2 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ పెట్టి, దాని మీద పైప్ క్లీనర్ గానీ ఊలు గానీ చుట్టండి. పైప్ క్లీనర్ తీగ సన్నది, మోకాలి దగ్గర కొన్నాళ్లకే తెగుతుంది. అల్యూమినియం తుప్పు కూడా పట్టదు. అదీ ఏదో ఒకనాటికి తెగేదే, కాకపోతే చాలా ఆలస్యంగా. దాని కొసలు కూడా ఇంతే పదును, వాటికీ మడత తప్పదు.

పువ్వుల కాడలకి కాగితం చుట్టిన తీగ మంచిది. పైప్ క్లీనర్ కాడ పైన బరువైన పువ్వు పెడితే మెడ వాలిపోతుంది. అదే వాడాలనుకుంటే రెండు పుల్లలు కలిపి మెలితిప్పి కాడ చేయండి, బలం బాగా పెరుగుతుంది.

ముఖానికి దగ్గరగా పెట్టుకునే వాటి సంగతి ప్రత్యేకం. మాస్కులు, కళ్లజోడు బొమ్మలు, తలకి పెట్టుకునే మీసాల బ్యాండ్లు లాంటివి ఫెల్ట్, స్పాంజి షీటు, ఎలాస్టిక్‌తో చేయండి. ఆడుకుంటూ పరిగెత్తే పిల్ల కిందపడితే కంటి పక్కన తీగ ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరు అడిగినా మారను.

ఎవరి చేతికి

మూడేళ్ల లోపు పిల్లలకి పైప్ క్లీనర్ ఇవ్వొద్దు. తీగ ఒక కారణం, ఊడొచ్చే నూగు, దాంతోపాటు వచ్చే పూసలు, ప్లాస్టిక్ కళ్లు, చిన్న పోమ్‌పోమ్‌లు ఇంకో కారణం. బొమ్మల పరీక్షల్లో చిన్న ముక్కల కోసం ఒక గొట్టం వాడతారు. దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, లోతు ఒకవైపు 25.4, మరోవైపు 57.1 మిల్లీమీటర్లు. ఒత్తకుండా దాంట్లో పూర్తిగా పట్టిన వస్తువు మూడేళ్ల లోపు పిల్లల బొమ్మగా పనికిరాదు. క్రాఫ్టు పెట్టెలోని సామానులో ముప్పాతిక దాంట్లో పడిపోతుంది. మీ దగ్గర పుల్లలు పెద్దపిల్ల వాడుతుంటే, చిన్నది అందుకునే ఎత్తులో పెట్టె ఉండకుండా చూసుకోండి.

మూడు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లలకి కోయని పూర్తి పుల్లలే ఇవ్వండి, అవీ మీరు రెండు కొసలూ మడిచాక. పక్కన మీరు కూర్చోవాలి. చిల్లుల గిన్నెని బోర్లించి, చిల్లుల్లోంచి పుల్లలు దూర్చే ఆట ఈ వయసుకి భలే పని. వేళ్లకి బలం వస్తుంది, అరగంట కదలరు. ఒక్కటే చూడండి. గిన్నెలోంచి ఈటెల్లా నిలబడ్డ పుల్లల మీదకి వంగి లోపలికి తొంగి చూస్తారు. గిన్నెని నేల మీద పెట్టి పిల్లని నిలబెట్టేకంటే, బల్ల మీద ఛాతీ ఎత్తులో పెడితే వంగరు. దూర్చిన ప్రతి పుల్లనీ వెంటనే చాపంలా వంచి రెండో కొసని ఇంకో చిల్లులో దూర్చమంటే కొసలన్నీ లోపలికే పోతాయి. గిన్నె ముళ్లపందిలా కాకుండా ఇంద్రధనస్సులా అవుతుంది. మా వాడికి అదే ఎక్కువ నచ్చింది.

ఆరేళ్లు దాటాక మడత వాళ్లకే నేర్పించవచ్చు. కోత మాత్రం ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేదాకా నేనే చేస్తాను. ఇది నా లెక్క, పిల్లని బట్టి మీ లెక్క వేరుగా ఉండొచ్చు.

పెద్దవాళ్ల విషయం కూడా చెప్పాలి. వేళ్లలో పట్టు తగ్గినవాళ్లకి, చూపు మందగించినవాళ్లకి ఈ పని ఇష్టంగా ఉంటుంది, సూదీ దారంలాగా కళ్లు పొడుచుకోనక్కర్లేదు. వాళ్లకి 6 మిల్లీమీటర్లవి, అదీ బల్ల రంగుకి బాగా తేడా ఉన్న ముదురు రంగులు ఇస్తే సులువు. షుగర్ ఉండి వేళ్ల కొసల్లో స్పర్శ తగ్గినవాళ్లకి గుచ్చుకున్న సంగతే తెలియకపోవచ్చు. అక్కడా మడిచిన పుల్లలే ఇవ్వండి.

కోత, మడత

మంచి బట్టల కత్తెరతో వీటిని కోయకండి. అంచుకి నొక్కు పడుతుంది, ఆ తర్వాత గుడ్డ అక్కడ ఇరుక్కుంటుంది. కటింగ్ ప్లయర్ ఉత్తమం. లేకపోతే ఒక పాత కత్తెరని దీనికే కేటాయించి, కొసతో కాకుండా మేకు దగ్గర, రెండు అంచులూ కలిసే మూలన కోయండి. అక్కడ బలం ఎక్కువ పడుతుంది, కత్తెర జారదు.

కోసేటప్పుడు పొట్టి ముక్క ఎగిరి కంటికి తగలొచ్చు. పుల్లని రెండు వైపులా పట్టుకుని, కోసే చోటుని ఒక డబ్బాలోకి దించి, కిందకి చూసేలా కోయండి. చాలా ముక్కలు కోయాలంటే కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి, పక్కన నిలబడి చూసే పిల్లకి కూడా.

ఇక మడత. ఇది మాటల్లో చెబితే పెద్ద పనిలా ఉంటుంది, చేస్తే మూడు సెకన్లు. కొస నుంచి సెంటీమీటరు దగ్గర పుల్లని వెనక్కి వంచండి. వంచిన ముక్కని పుల్లకి ఆనించి నోస్ ప్లయర్‌తో గట్టిగా నొక్కండి, మధ్యలో సందు ఉండకూడదు. తర్వాత ఆ ముక్కని పుల్ల చుట్టూ ఒక మెలిక తిప్పండి. ఇప్పుడు పదును కొస పుల్ల పొడవునా పడుకుని నూగులో కూరుకుపోతుంది, ముందుకి ఉన్నది గుండ్రటి వంపు. వేలి కొసతో అన్ని వైపుల నుంచీ రాసి చూడండి. ఏ వైపు రాసినా గుచ్చుకోకపోతేనే పని అయినట్టు. ముందుకి రాస్తే మెత్తగా, వెనక్కి రాస్తే గుచ్చుకుంటూ ఉంటే మెలిక సరిపోలేదని అర్థం, మళ్లీ నొక్కండి.

మడతకి బదులు కొసకి పూస పెట్టి జిగురు వేయొచ్చు, వేడి జిగురు బొట్టు పెట్టొచ్చు, టేపు చుట్టొచ్చు. నా అనుభవంలో టేపు అన్నిటికంటే బలహీనం, పిల్లల చేతి చెమటకి రెండు రోజుల్లో ఊడుతుంది. పూస అందంగా ఉంటుంది, కానీ ఊడితే చిన్న ముక్క, కొస మళ్లీ బయటికి. వేడి జిగురు బొట్టు గట్టిది. కాకపోతే గ్లూ గన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. ఎక్కువ వేడి రకాల్లో జిగురు సుమారు 190 డిగ్రీల సెల్సియస్, తక్కువ వేడి రకాల్లో కూడా సుమారు 120 డిగ్రీలు ఉంటుంది. రెండూ చర్మానికి అంటుకుని కాలుస్తాయి. మడతా, దాని మీద జిగురు బొట్టూ రెండూ కలిస్తే ఇంకేమీ అక్కర్లేదు.

అన్నిటికంటే మంచి పద్ధతి అసలు కోయకపోవడం. మా సాలీడునే తీసుకోండి. ఇప్పుడు దాన్ని నేను ఇలా చేస్తాను. 30 సెంటీమీటర్ల పుల్లని వంకరటింకరగా వంచి 3 సెంటీమీటర్ల పొడవున నాలుగు సన్నటి ఉచ్చులు తీస్తాను. ఒక్కో ఉచ్చుకి పోనూ రానూ 6, నాలుగింటికి 24. మిగిలిన 6 సెంటీమీటర్లు నడుముకి. రెండో పుల్లతోనూ అంతే. రెండిటి నడుములూ కలిపి మెలితిప్పితే ఎనిమిది కాళ్లు వస్తాయి. ప్రతి కాలూ గుండ్రటి ఉచ్చే. ఉన్న నాలుగు కొసలూ పొట్ట లోపలికి చుట్టుకుపోతాయి. కాళ్లు కాస్త పొట్టిగా ఉంటాయి, కానీ లావుగా, నిలకడగా నిలబడతాయి. ఏదైనా డిజైన్ రెండు రకాలుగా కనిపిస్తే, ఎందులో కోతలు తక్కువో అది ఎంచుకోండి.

తయారయ్యాక అది ఎక్కడ ఉంటుంది

దీన్ని చాలామంది ఆలోచించరు. సింథటిక్ నూగు మంటకి కరిగి చర్మానికి అంటుకుంటుంది. కొవ్వొత్తుల దగ్గర, వేడెక్కే బల్బుల మీద పెట్టొద్దు. దీపం చుట్టూ అలంకరణే కావాలంటే వేడెక్కని చిన్న ఎల్ఈడీ లైట్లు తీసుకోండి. అప్పుడు కూడా తీగ కొస బ్యాటరీ పెట్టె లోపలికి తగలకుండా చూడాలి. గుండ్రటి బటన్ బ్యాటరీలున్న లైట్లయితే మూత స్క్రూతో బిగించినవే కొనండి, పిల్లలు మింగితే అవి లోపల కాల్చేస్తాయి. ప్లగ్గు సాకెట్ల దగ్గర పుల్లలు ఉండకూడదు, పిల్లల వేలు దూరని రంధ్రంలో పైప్ క్లీనర్ దూరుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే తీగ నిప్పురవ్వలు కొడుతుంది.

తడి తగిలే పనులకి ఒకసారి వాడి పారేసేలా అనుకోండి. సబ్బు బుడగల ఉంగరం పైప్ క్లీనర్‌తో బ్రహ్మాండంగా వస్తుంది, నూగు ద్రావణాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి బుడగ మీద బుడగ వస్తూనే ఉంటుంది. ఆట అయ్యాక దాచుకోవద్దు, తుప్పు పట్టిన ఉంగరం మరుసటి వారానికి పనికిరాదు. పుల్లల మీద స్ఫటికాలు పెంచే ప్రయోగం కూడా అంతే. అందులో బోరాక్స్ కంటే పటిక ఎంచుకోండి. బోరాక్స్ కడుపులోకి పోతే హాని.

పిల్లి ఉన్న ఇంట్లో నా సలహా కటువుగానే ఉంటుంది. పిల్లులకి ఇవి వేట. నమిలి మింగితే తీగ పేగుల్ని చీల్చగలదు. వేలాడే బొమ్మలు చేసినా గాజు మూత ఉన్న ఫ్రేములో పెట్టండి, లేదా ఊలుతో కాకుండా కాగితంతో చేయండి. ఊలు దారం మింగినా పిల్లికి ప్రమాదమే.

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి గుచ్చుకుంటుంది. సబ్బునీళ్లతో కడిగి చిన్న కట్టు వేస్తే చాలు. లోతుగా దిగినా, మట్టి అంటిన పుల్ల అయినా టెటనస్ ఇంజెక్షన్ గురించి డాక్టర్ని అడగండి. కంటికి తగిలితే రుద్దొద్దు, నొక్కొద్దు, గుచ్చుకుని ఉంటే పీకొద్దు. కంటిని ఒత్తకుండా కాగితం కప్పు లాంటిది అడ్డం పెట్టి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ముక్క మింగారని అనుమానం వస్తే వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఉక్కు కాబట్టి ఎక్స్‌రేలో కనిపిస్తుంది.

పని అయ్యాక నేల మీద మిగిలేవి కోసిన ముక్కలు. చీపురుకి దొరకనివి పాదానికి దొరుకుతాయి. నా దగ్గర అరచేయంత పాత స్పీకర్ అయస్కాంతం ఉంది. దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి బల్ల మీదా, కార్పెట్ మీదా నెమ్మదిగా తిప్పుతాను. నూగులో దాక్కున్న ముక్కలు కూడా టక్కున వచ్చి అంటుకుంటాయి. కవరు లోపలికి తిరగేసి లాగితే ముక్కలన్నీ అందులోనే ఉండిపోతాయి, దాని మూతి కట్టి చెత్తలో వేయడమే. ఆ అయస్కాంతం మళ్లీ నా అలమరలో పై అరకి వెళ్లిపోతుంది. మిగిలిన పుల్లలు పొడుగాటి డబ్బాలో, మడిచిన కొసలు పైకి ఉండేలా. మడవనివి వేరే డబ్బాలో, మూత పెట్టి, దాని మీద "పెద్దమ్మవి" అని రాసి.